దుప్పట్ల గోడ

పెద్ద దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి. ఆ ఇంట్లో మాత్రం ఒక్క మనిషితోనే పని జరిగిపోయేది. ఒక అంచు గడ్డం కింద అదిమిపట్టి, రెండో అంచును చేతులు చాపినంత దూరం లాగి, పొట్టకు ఆనించి మధ్యకు మడవడంలో ఆమె ఆరితేరింది. సోఫాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్న భర్త, ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు, తలెత్తకుండానే అన్నాడు. "పొద్దున ఎవరి ప్రాణమో నిలబెట్టావటగా. మా స్టాఫ్ రూమ్‌లో కూడా చెప్పుకున్నారు. ఆ చేత్తోనే కాస్త టీ కూడా పెట్టెయ్."

ఆ మాటలో వెటకారం పాలెంత, గర్వం పాలెంత అని ఆమె ఆలోచించింది. ఏ మాట విన్నా విప్పి లోపలేముందో చూడటం ఆమెకు పుట్టుకతో వచ్చిన జబ్బు. చిన్నప్పుడు నాన్న ముద్దుగా ఎందుకమ్మ అని పిలిచేవాడు. ఆ పేరు పెళ్ళితో పాటు అత్తవారింటికీ, ఉద్యోగంతో పాటు పోలీస్ స్టేషన్‌కీ వచ్చింది, కాకపోతే ముద్దు దారిలో ఎక్కడో జారిపోయింది. "మా ఎందుకమ్మకి ఒక్క మాట చెబితే చాలదండీ, నాలుగు చెప్పాలి" అని భర్త చుట్టాలను నవ్విస్తుంటాడు. టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి ఆమె మళ్ళీ పొద్దుటి సంగతిలోకి వెళ్ళిపోయింది. చేతిలో దుప్పటి ఉండటం వల్లేమో, ఆ లాండ్రీ కళ్ళముందు నుంచి కదలడం లేదు.

ఆమె గస్తీ కారులో కానిస్టేబుల్. ఎవరైనా ఉన్నట్టుండి కుప్పకూలితే చాలాసార్లు అంబులెన్స్ కన్నా ముందు ఆ కారే చేరుతుంది, అది ఎప్పుడూ ఏదో ఒక వీధిలో తిరుగుతూనే ఉంటుంది కాబట్టి. అందుకని కారు వెనక గుండెకు షాక్ ఇచ్చే పెట్టె ఒకటి, మందుల సంచి ఒకటి పెట్టి, ఇద్దరిని శిక్షణకు పంపారు. "ఆడవాళ్ళకి సేవ చెయ్యడం ఒకరు నేర్పాలా, నువ్వెళ్ళు" అని ఇన్‌స్పెక్టర్ ఆమెను పంపాడు. నేర్పక్కర్లేనప్పుడు శిక్షణ ఎందుకని ఆమె అడగబోయి, ఎక్కడ రద్దు చేస్తాడోనని నోరు మూసుకుంది. రెండో మనిషి ఆ కారు నడిపే హెడ్ కానిస్టేబుల్. తీరా వెళ్ళాక ఆయనే అందరికన్నా బాగా నేర్చుకున్నాడు. స్టీరింగ్ మీద వాలిపోయిన బస్సు డ్రైవర్‌ను, తక్కెడ పక్కనే పడిపోయిన పళ్ళ వ్యాపారిని ఆ రెండు చేతులతోనే బతికించాడు. నెమ్మదస్తుడు, నోట్లోంచి ఒక పొల్లు మాట రాదు. ఆయన ఆమెను చెల్లెమ్మా అంటాడు, ఆమె అన్నా అంటుంది.

ఆ పొద్దున వైర్‌లెస్‌లో కబురు రాగానే ఇద్దరూ లాండ్రీకి వెళ్ళారు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే పెద్ద షెడ్డు అది. ముందున్న వీధిలో లారీ అడ్డంగా నిలబడి ఉంది. హెడ్ పెట్టె పట్టుకుని పరుగెత్తాడు. ఆమె లారీ డ్రైవర్‌ను వెతికి పట్టుకుని, అంబులెన్స్‌కు దారి చేయించి, సంచి భుజాన వేసుకుని లోపలికి వెళ్ళింది. ఆవిరి, సబ్బు వాసన, ఆగకుండా తిరుగుతున్న మిషన్ల మోత. వాటి మధ్య ముందుగా ఆమెకు కనిపించింది దుప్పట్ల గోడ.

నలుగురు మగవాళ్ళు ఉతికిన దుప్పట్లు చాపి పట్టుకుని, వీపులు లోపలికి తిప్పి, చుట్టూ తెర కట్టినట్టు నిలబడి ఉన్నారు. తలలు దించుకున్నారు. ఒక్కడూ వెనక్కి తిరిగి చూడటం లేదు. ఆమె ఒక దుప్పటి ఎత్తి లోపలికి దూరింది. ఇస్త్రీ మిషన్ మీద పనిచేసే నడివయసు మనిషి నేల మీద వెల్లకిలా పడి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. కాళ్ళ మీద ఎవరో ఇంకో దుప్పటి పొందికగా కప్పారు, పాదాలు కూడా కనబడకుండా. హెడ్ మోకాళ్ళ మీద కూర్చుని, మొహం పక్కకు తిప్పుకుని, ఆవిడ యూనిఫాం చొక్కా గుండీలు ఒక్కొక్కటే తడుముకుంటూ విప్పుతున్నాడు. షాక్ పట్టీ ఒకటి అప్పటికే బట్ట మీద అంటించేశాడు. పెట్టెలోని ఆడగొంతు, పట్టీని చర్మానికి అంటించండి, పట్టీని చర్మానికి అంటించండి, అని చెప్పిందే చెబుతోంది. కత్తెర ఆ పెట్టె మూతలోనే ఉంది.

ఆమె కత్తెర లాగి, మెడ దగ్గర మొదలుపెట్టి చొక్కా, లోపలి బట్ట, అన్నీ ఒక్క ఊపులో కోసేసింది. పట్టీలు అంటించింది. పెట్టె అందరినీ దూరం జరగమంది, అందరూ జరిగారు. ఆ షెడ్డులో మగవాళ్ళందరూ మారుమాట్లాడకుండా విన్న ఆడగొంతు అదొక్కటే. షాక్ తర్వాత ఆమె రెండు చేతులూ ఛాతీ నడుమ ఆనించి నొక్కడం మొదలుపెట్టింది. భుజాలు పీకుతున్నా ఆపలేదు. మళ్ళీ షాక్, మళ్ళీ నొక్కడం. చివరికి ఆవిడ గొంతులోంచి ఒక మూలుగు, తర్వాత మెడ దగ్గర సన్నగా నాడి. అంబులెన్స్ వచ్చి తీసుకుపోయింది. అప్పుడు దుప్పట్లు పట్టుకున్నవాళ్ళలో ఒకడు, ఇంకా వెనక్కి తిరగకుండానే, "మేడం, ఇక చూడొచ్చా?" అని అడిగాడు. వాడి చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

ఆమెకు అంతుపట్టనిది అదే. అక్కడ చెడ్డవాడు ఒక్కడూ లేడు. ఉంటే ఎంత తేలికయ్యేది, నాలుగు తిట్టి, లోపలేసి, ఇంటికొచ్చి దుప్పట్లు మడతపెట్టుకునేది. అందరూ మంచివాళ్ళే. ఆవిడ పరువు పోకూడదని చేతులు నొప్పెట్టేలా దుప్పట్లు ఎత్తిపట్టుకున్నవాళ్ళు. అంతమంది మంచివాళ్ళ మధ్య ఆవిడ నిక్షేపంగా చచ్చిపోయి ఉండేది.

తిరిగి వచ్చేటప్పుడు కారులోనే అడిగింది. తప్పు పట్టడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలని.

"అన్నా, బస్సు డ్రైవర్ చొక్కా ఎలా తీశావు?"

"చింపేశాను."

"ఈవిడ గుండీలు ఎందుకు విప్పావు?"

హెడ్ ముందున్న ఆటోను దాటించి అన్నాడు. "నాకూ తెలీదు చెల్లెమ్మా. చేతులు రాలేదు. ట్రైనింగ్‌లో బొమ్మ మీద ఎన్నిసార్లు చెయ్యలేదు? ఇక్కడికొచ్చేసరికి... అంతమంది మగాళ్ళలో ఆవిడ బట్టలు చింపుతున్నానన్నదే బుర్రలో తిరిగింది. ఊపిరి సంగతే మర్చిపోయాను."

శిక్షణ బొమ్మ ఆమెకు గుర్తుకొచ్చింది. నడుము పైభాగం మాత్రమే ఉన్న రబ్బరు బొమ్మ, ఛాతీ బల్లపరుపుగా ఉంటుంది. దేశంలో సగం మందికి అలా ఉండదన్న సంగతి ఆ బొమ్మ చేసినవాడికి తట్టలేదు, దాని మీద నేర్చుకున్న తనకూ తట్టలేదు. ఆ తర్వాత తట్టింది ఇంకో మాట. రోజంతా ఈ కారులో తన పక్కన ఉండేది ఈ మనిషే.

"అన్నా, నేను పడిపోతే?"

"పొద్దున్నే అవేం మాటలు?"

"ఊరికే అడుగుతున్నా. నేనే కింద పడి, ఊపిరి ఆగిపోతే?"

ఆయన సిగ్నల్ దగ్గర కారు ఆపి, పచ్చ లైటు పడినా కదల్చలేదు. వెనక బండ్లు హారన్లు కొట్టాయి. "అబద్ధం చెప్పలేను. చెల్లెమ్మా చెల్లెమ్మా అని పిలుస్తున్నానే, అందుకే ఇంకా చేతులు రావేమో" అన్నాడు. ఆమెకు కోపం రాలేదు. చెల్లెమ్మ అన్న పిలుపు తనకు కంచె అనుకుంది ఇన్నాళ్ళూ. అది లోపలికి సాయాన్ని కూడా రానివ్వదని ఎప్పుడూ ఆలోచించలేదు.

టీ పొంగింది. భర్తకు, అత్తగారికి ఇచ్చి, తనూ కప్పు పట్టుకుని కూర్చుంది. స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ అందరి ముందూ "మన హెడ్ గారు ఇంకో ప్రాణం నిలబెట్టారు, ఈవిడ కూడా సాయం చేసింది" అన్నాడని, హెడ్ లేచి కాదు సార్ అనబోతే కూర్చోబెట్టేశాడని చెబుదామనుకుంది. కానీ నోటికొచ్చింది వేరే.

"ఏమండీ, నేను డ్యూటీలో పడిపోయాననుకోండి. మా హెడ్ నా చొక్కా కోసి, ఛాతీ మీద నొక్కాలి. ఆయనకి చేతులు రావట్లేదంటున్నాడు."

భర్త ఎర్ర పెన్ను మూత పెట్టాడు. "మర్యాదస్తుడు మరి."

"మర్యాద అంటూ కూర్చుంటే నేను చచ్చిపోతానండీ."

"అంబులెన్స్ రాదా? అందులో ఆడ నర్సులు ఉండరా? పది మంది చూస్తుండగా రోడ్డు మీద... ఆ తర్వాత నేను బళ్ళో మొహమెలా చూపించాలి?" అని, ఆమె చూపు చూసి కొంచెం మెత్తబడ్డాడు. "నీకేం కాదులే. ఐనా ఈ గొడవంతా ఎందుకు, మీ ఇన్‌స్పెక్టర్‌తో నేను మాట్లాడతాను, స్టేషన్లో కూర్చుని చేసే పని ఏదైనా ఇవ్వమని. ఇంటి పట్టున కూడా ఉన్నట్టుంటుంది."

ఈయన చెడ్డవాడు కాడు. జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసి కూర్చున్న మనిషి. ఆమె బతకాలనే కోరుకుంటాడు, అందులో సందేహం లేదు. కాకపోతే ఆ కోరిక పక్కనే ఇంకో కోరిక కూర్చుని ఉంది, రెండిట్లో ఏది ముందని అడిగితే ఆయనకే తడబాటు. లెక్కల మాస్టారు కదా, ఏది పెద్దదో తేల్చలేకపోవడమేమిటని ఆమెకు వింతగా అనిపించింది. ఆ వింత కాసేపటికి దుఃఖంగా మారింది. కప్పులు కడుగుతూ కాసేపు ఏడ్చింది, తర్వాత మొహం కడుక్కుని వంట మొదలుపెట్టింది.

గస్తీ కారువాళ్ళకు కథ ఎప్పుడూ సగమే తెలుస్తుంది. అంబులెన్స్ తలుపు మూసుకున్నాక లోపలి మనిషి బతికిందో లేదో ఎవరూ కబురు పెట్టరు. ఆమె ఉండబట్టలేక, సెలవు రోజున కూరగాయలకని బయల్దేరి ఆసుపత్రికి వెళ్ళింది. లాండ్రీ ఆవిడ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కటెముకలు నొప్పి, మాట మెల్లగా వస్తోంది, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. తనెవరో చెప్పగానే ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. కృతజ్ఞతలన్నీ అయ్యాక గొంతు తగ్గించింది.

"మా ఆయనకి ఒకటే దిగులు. బట్టలు కోసింది మగా, ఆడా అని. వచ్చినవాళ్ళందర్నీ అడుగుతున్నాడు."

"ఆడమనిషే అని చెప్పండి."

"చెప్పాను, స్థిమితపడ్డాడు." ఆవిడ కిటికీ వైపు చూసింది. "నాకు మాత్రం నిద్ర పట్టట్లేదమ్మా. ఆ రోజు నువ్వు సెలవులో ఉండుంటే ఎలాగా అని."

ఆమె కూరగాయలు లేకుండానే ఇంటికి వచ్చింది. మర్నాడు ఇన్‌స్పెక్టర్ గదికి వెళ్ళి, కొత్తగా వచ్చిన కానిస్టేబుళ్ళకు ఈ వారం ప్రథమ చికిత్స క్లాసు తను చెబుతానంది. హెడ్‌కు చెబుదామనుకున్నానే అన్నాడాయన. హెడ్డే నన్ను చెప్పమన్నాడంది. అది అబద్ధం. బయటికొచ్చి హెడ్‌తో చెబితే ఆయన ఊపిరి పీల్చుకుని, "ఆ మాట నేనే అనాల్సింది" అన్నాడు. సాయంత్రం రబ్బరు బొమ్మను చంకనేసుకుని ఇంటికి తెచ్చింది.

హాల్లో కుర్చీలో బొమ్మను కూర్చోబెట్టి, పాత దిండు విప్పి, దూదితో రెండు సంచులు కుట్టడం మొదలుపెట్టింది. అత్తగారు వంటింట్లోంచి వచ్చి, బొమ్మను చూసి, గబగబా వెళ్ళి తువ్వాలు తెచ్చి దాని భుజాల మీదుగా కప్పింది.

"అత్తయ్యా, దానికి ప్రాణం లేదు."

"లేకపోతే మాత్రం? హాల్లో కూర్చుంది." అని తనూ కూర్చుంది. కోడలు కుడుతున్నదేమిటో కాసేపు చూసి అర్థం చేసుకుంది. బుగ్గలు నొక్కుకుంటుందేమో అనుకుంటే, సంచి ఒకటి తీసుకుని చేత్తో తూచి పెదవి విరిచింది. "ఇవేంటి, నిమ్మకాయల్లా? ఎవరికే ఇవి? గుండె జబ్బులు వచ్చేది మా వయసువాళ్ళకి. దూది ఇంకా కూరు. ఇలా నిక్కి ఉండవు, పడుకుంటే పక్కలకి జారతాయి. కింద వదులుగా వదిలి కుట్టు."

కోడలు నోరు తెరుచుకుని చూసింది, తర్వాత ఇద్దరూ నవ్వు పట్టలేకపోయారు. అత్తగారు సూది లాక్కుని తనే కుట్టింది. నవ్వు తగ్గాక, దారం కొరుకుతూ, మామూలు మాటలాగే చెప్పింది.

"బాత్రూమ్‌లో జారిపడ్డానే ఆ మధ్య, తుంటి వాచింది, గుర్తుందా? పడగానే మిమ్మల్ని పిలిచాననుకున్నారు అందరూ. ముందు తువ్వాలు అందుకున్నాను. అది మేకుకి ఉంది, నాకు లేవడం రాదు. పాక్కుంటూ వెళ్ళి, లాగి, కప్పుకుని, అప్పుడు అరిచాను. తువ్వాలు అందడానికే ఎక్కువసేపు పట్టింది."

"ఎందుకత్తయ్యా?"

ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ ఆమె అడిగిన ఎందుకులన్నిటికీ అత్తగారి జవాబు ఒకటే, నోరు మూసుకుని పని చూసుకో అని. ఈసారి ఆ జవాబు రాలేదు. "ఎవరైనా నన్ను అడిగితేగా ఆలోచించడానికి" అంది అత్తగారు. ఆవిడ కొడుకు అప్పుడే బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కుర్చీలోని బొమ్మను, తల్లి చేతుల్లోని దూది సంచులను చూసి ఆయన మొహం ఎర్రబడింది.

"ఏంటమ్మా ఇది? దీన్ని మగవాళ్ళ ముందు పెట్టి క్లాసు చెబుతుందా? ఇన్‌స్పెక్టర్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తాను."

"చెయ్యి" అంది తల్లి, కుట్టు ఆపకుండా. "నేను పడిపోతే నువ్వేం చేస్తావో కూడా ఆయనకి చెప్పు. నా మీద చేతులు ఎక్కడ పెట్టి నొక్కాలిరా నువ్వు? రా, చూపించు."

ఆయన బొమ్మ దాకా వచ్చాడు. చెయ్యి ముందుకు చాచాడు. ఆ చెయ్యి గాల్లోనే కాసేపు ఉండి, తువ్వాలు అంచు సర్ది, వెనక్కి వచ్చింది. ఆయన చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు. ఫోన్ మాత్రం చెయ్యలేదు.

క్లాసు రోజున స్టేషన్ వెనక గదిలో కుర్చీలు వేసింది ఎప్పటిలాగే ఆమే. బొమ్మకు అత్తగారి పాత రవిక, లోపలి బట్టా తొడిగింది. కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకున్నారు, ఎవడో దగ్గాడు. ఆమె నవ్వుకోండి, కానివ్వండి అని ఆగింది. నవ్వు దానంతటదే అయిపోయాక లాండ్రీ సంగతి చెప్పింది, హెడ్ పేరెత్తకుండా. దుప్పట్లు పట్టుకున్నవాళ్ళు చేతులు నొప్పెడుతున్నా ఎలా దించలేదో, ఏడుస్తూ కూడా వెనక్కి తిరగకుండా ఎలా నిలబడ్డారో చెప్పింది. అప్పుడు వెనక వరసలోంచి హెడ్ లేచాడు.

"గుండీలు విప్పుతూ కూర్చున్నది నేనే" అన్నాడు. ఆ మాట అనమని ఎవరూ అడగలేదు. ముందుకు వచ్చి, బొమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కత్తెర తీసుకున్నాడు. మొహం పక్కకు తిప్పుకోలేదు. మెడ దగ్గర నుంచి కిందికి కోసేశాడు. దూదిని ఒక చేత్తో పక్కకు జరిపి, పట్టీలు అంటించి, అరచేతులు నడుమ ఆనించి నొక్కాడు, బస్సు డ్రైవర్‌ను నొక్కినట్టే. ఆయన నుదుటి మీద చెమట కారుతుంటే ఆమె చూస్తూ నిలబడింది. తర్వాత కుర్రాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. మొదటివాడు కత్తెర రెండుసార్లు జారవిడిచాడు, చివరివాడికి వచ్చేసరికి అది మామూలు పనైపోయింది.

మధ్యాహ్నం గస్తీకి బయల్దేరారు. హెడ్ తాళం పెట్టాడు గానీ కారు స్టార్ట్ చెయ్యలేదు. స్టీరింగ్ మీద వేళ్ళతో తట్టుతూ కూర్చున్నాడు.

"ఇప్పుడైతే నాకు చేతులు వస్తాయి చెల్లెమ్మా. బొమ్మ మీద అని కాదు. ఆ రోజు నువ్వు అడిగినదానికి చెబుతున్నా."

"తెలుసన్నా."

"కాకపోతే..." ఆయన అద్దం సర్దుకున్నాడు. "మీ ఆయన్ని ఒక మాట అడగాలి కదా. రేపు అలాంటిదేమన్నా జరిగితే ఆయనేమనుకుంటాడో. వీలు చూసుకుని ఇంటికొచ్చి నేనే అడుగుతాను, పెద్దమనిషి తరహాగా."

ఆమె సీటు బెల్టు పెట్టుకుంది. చెడ్డవాడు కాదు, ఈయన కూడా. ఇంత దూరం వచ్చి, ఆ చివరి గుండీ దగ్గర మళ్ళీ ఆగిపోయాడు. ఆమె ఆయన వైపు తిరిగి, నవ్వకుండా, ప్రశ్న ఏదీ లేకుండా చెప్పింది.

"ఆయన్ని అడగక్కర్లేదన్నా. ఆగిపోయేది నా ఊపిరి, నేను సరేనంటున్నాను. నేను పడ్డ రోజున కత్తెర తియ్యి."